మీకు తెలుసా? ఎంటర్ మీట మీద బాణం ఎందుకు వంగింది?

పోయినేడాది ఒక రాత్రి నా లాప్‌టాప్‌కి పిచ్చెక్కింది. మెయిల్లో ఇంగ్లీషులో హలో అని కొడదామని కూర్చుంటే హెచ్, ఈ బాగానే పడ్డాయి. ఆ తర్వాత రెండు ఎల్‌లకు బదులు 33, ఓకి బదులు 6. వైరస్ అనుకుని ఆపేసి మళ్లీ ఆన్ చేశాను. ఈసారి పాస్‌వర్డే తీసుకోనంది. ఆ పెట్టెలో చుక్కలే తప్ప అక్షరాలు కనపడవు కదా, లోపల ఏం పడుతోందో మనకేం తెలుస్తుంది! పొద్దున్నే రిపేరు షాపుకి మోసుకెళ్లాను. కౌంటర్ దగ్గరాయన నాలుగు మీటలు నొక్కి చూసి, కీబోర్డు పోయింది సార్, మార్చాలి, 1,800 అవుతుంది అన్నాడు. నేను బేరమాడుతుంటే, చార్జర్ కొనడానికొచ్చిన ఇంటర్ కుర్రాడొకడు “అంకుల్, ఒక్కసారి ఇటివ్వండి” అని రెండు మీటలు కలిపి నొక్కాడు. ఎల్ నొక్కితే ఎల్లే పడింది. ఆ పిల్లాడికి టీ ఇప్పించి ఇంటికొచ్చి, పాతికేళ్లుగా వేళ్ల కింద పెట్టుకుని కూడా పట్టించుకోని మీటల సంగతేమిటో చూద్దామని కూర్చున్నాను. (కీలు అని రాస్తే మోకాళ్ల నొప్పులు గుర్తొస్తున్నాయి. అందుకే మీటలు.)

అక్షరాలు అంకెలైపోయే మీట

కుర్రాడు నొక్కింది ఎఫ్ఎన్, నమ్ లాక్. ఐబీఎం సంస్థ 1981లో విడుదల చేసిన పర్సనల్ కంప్యూటర్ కీబోర్డులో 83 మీటలే ఉండేవి. బాణం మీటలకు వేరే చోటు లేదు. కుడిపక్కనున్న అంకెల గుంపే వాటి పనీ చేసేది: 8 నొక్కితే పైకి, 2 నొక్కితే కిందికి. ఏ సమయంలో ఏ పనో చెప్పడానికి ఒక తాళం పెట్టారు. అదే నమ్ లాక్. తర్వాత బాణాలకు సొంత ఇల్లు దొరికింది గానీ తాళం మాత్రం పోలేదు.

లాప్‌టాప్‌లు వచ్చాక చోటు కరువై ఆ అంకెల గుంపుని తీసుకెళ్లి అక్షరాల మీదే కూర్చోబెట్టారు. పైన 7, 8, 9 ఎలాగూ ఉన్నాయి. వాటి కింద యు, ఐ, ఓ అంటే 4, 5, 6. జె, కె, ఎల్ అంటే 1, 2, 3. ఎమ్ అంటే సున్నా. పాత చిన్న లాప్‌టాప్ ఉంటే ఆ మీటల మూలల్లో చూడండి, వేరే రంగులో సన్నగా అంకెలు కనపడతాయి. నా 33, 6 అక్కణ్నుంచి వచ్చినవే. కొత్తవాటిలో ఈ ఏర్పాటు చాలావరకు తీసేశారు.

కంప్యూటర్‌కి తెలియని మీట

ఎఫ్ఎన్ ఎక్కువగా లాప్‌టాప్‌లలో కనపడే మీట. మిగతా ఏ మీట నొక్కినా విండోస్‌కో లైనక్స్‌కో కబురు వెళ్తుంది. చాలా లాప్‌టాప్‌లలో ఎఫ్ఎన్ ఒక్కదాన్నే నొక్కితే ఏ కబురూ వెళ్లదు. కీబోర్డుని చూసుకునే చిన్న చిప్ దాన్ని తన దగ్గరే అట్టిపెట్టుకుని, దాంతోపాటు ఇంకో మీట పడితే అప్పుడు అర్థం మార్చి పైకి పంపిస్తుంది. అందుకే కంట్రోల్, ఆల్ట్‌లను మార్చుకున్నంత సులువుగా సాఫ్ట్‌వేర్‌తో దీన్ని మార్చుకోలేం. థింక్‌ప్యాడ్ లాప్‌టాప్ వాడినవాళ్లకు ఈ బాధ బాగా తెలుసు. అందరూ కంట్రోల్ పెట్టే ఎడమ మూలలో అందులో ఏళ్ల తరబడి ఎఫ్ఎన్ ఉండేది. కాపీ చేశామనుకుని పేస్ట్ చేస్తే పాత ముక్కే పడేది. చివరికి కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు తెరుచుకునే సెట్టింగుల్లో, అంటే బయోస్‌లో ఆ రెంటినీ తారుమారు చేసుకునే వీలు కల్పించారు.

ఎఫ్1 నుంచి ఎఫ్12 దాకా ఉన్న వరసలో తగువంతా ఈ ఎఫ్ఎన్ వల్లే. ఎక్సెల్‌లో గడి సరిచేద్దామని ఎఫ్2 నొక్కితే స్క్రీన్ వెలుగు తగ్గుతుంది, పేజీ రీఫ్రెష్ చేద్దామని ఎఫ్5 నొక్కితే ఇంకేదో జరుగుతుంది. లాప్‌టాప్ తయారీదార్లు ఆ మీటలకు వాల్యూమ్, వెలుతురులాంటి పనులు ముందు పెట్టి, అసలు పనిని ఎఫ్ఎన్ చాటున దాచారు. చాలా లాప్‌టాప్‌లలో ఎఫ్ఎన్, ఎస్కేప్ కలిపి ఒకసారి నొక్కితే ఈ వరస తిరగబడుతుంది. ఎస్కేప్ మీట మీద చిన్న తాళం బొమ్మ ఉందేమో చూడండి. లేకపోతే బయోస్‌లో వెతకాలి.

ఆ వరసలోనే విమానం బొమ్మ ఉంటుంది. వైఫై రావట్లేదని రౌటర్ని పదిసార్లు తీసి పెట్టేవాళ్లు, కేబుల్ వాళ్లకి ఫోన్ చేసి కేకలేసేవాళ్లు ముందు దాన్నొకసారి చూసుకుంటే మంచిది. మైకు మీద గీత కొట్టిన బొమ్మ ఉన్న మీటా అంతే. అందులో ఎర్రదీపం వెలుగుతుంటే మీటింగులో మీరెంత అరిచినా “వినపడట్లేదండీ” అనే అంటారు.

ఇక వంగిన బాణం

ఎంటర్ మీట మీద బాణాన్ని సరిగ్గా చూడండి. ముందు కిందికి దిగి, తర్వాత ఎడమకి తిరుగుతుంది. అది టైపు మిషను దారి. టైపు ఇన్‌స్టిట్యూట్‌లో లోయర్ పరీక్షకి కూర్చున్నవాళ్లకు చెయ్యే గుర్తుచేస్తుంది: వరస చివరికి వస్తుంటే టింగుమని గంట, వెంటనే ఎడమచేత్తో పైనున్న లివర్ని లాగి నెట్టడం, కాగితం ఒక వరస పైకి జరగడం, మిషను పైభాగం మొత్తం దడాలున మొదటికి పోవడం. ఆ పైభాగం పేరు క్యారేజ్. దాన్ని వెనక్కి తేవడం క్యారేజ్ రిటర్న్. మ్యాక్‌లలో ఈ మీట మీద చాలావరకు రిటర్న్ అనే ఉంటుంది.

కంప్యూటర్ లోపల కూడా ఆ రెండు కదలికలూ విడివిడిగానే బతుకుతున్నాయి. క్యారేజ్ రిటర్న్‌కి సంకేతం 13, కాగితం జరపడానికి 10. విండోస్‌లో టెక్స్ట్ ఫైలు రాస్తే ప్రతి వరస చివరా ఈ రెండు సంకేతాలూ పడతాయి, లైనక్స్‌లో అయితే 10 ఒక్కటే. ఒకప్పుడు లైనక్స్‌లో రాసిన ఫైలుని విండోస్‌లో తెరిస్తే వరసలన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయి కనపడటం వెనకున్న రహస్యం ఇదే.

షిఫ్ట్ అంటే జరగడం. నిజంగానే జరిగేది. మొదటి రెమింగ్టన్ మిషనులో ఇంగ్లీషు పెద్దక్షరాలు మాత్రమే ఉండేవి. 1878లో వచ్చిన రెమింగ్టన్ నంబర్ 2లో ఒక్కో కడ్డీ మీద పెద్దదీ చిన్నదీ రెండేసి అక్షరాలు పోశారు. షిఫ్ట్ నొక్కితే క్యారేజ్ కొద్దిగా జరిగి రెండో అక్షరం తగిలేది. చిటికెన వేలికి అది ఎంత బరువో! పెద్దక్షరాల్లో వరసంతా కొట్టాలంటే వేలు పడిపోయేది కనుక దాన్ని నొక్కిన చోటే బిగించి ఉంచే తాళం పెట్టారు. క్యాప్స్ లాక్‌కి అదే తాత. బరువు పోయింది, తాళం మిగిలింది, ఇప్పుడు పాస్‌వర్డులు తప్పు కొట్టించడం తప్ప దానికి పెద్ద పని లేదు. గూగుల్ తన క్రోమ్‌బుక్‌లలో దాన్ని తీసేసి ఆ చోట్లో వెతుకులాట మీట పెట్టింది. నా ఓటు గూగుల్‌కే.

ట్యాబ్ మీట మీద రెండు బాణాలు, వాటి కొసల్లో చిన్న అడ్డగీతలు ఉంటాయి. ఆ గీతే స్టాప్. పట్టికలు, అంటే టేబుళ్లు కొట్టేటప్పుడు క్యారేజ్ ఎక్కడ ఆగాలో మిషను మీద ముందే పెట్టుకునేవాళ్లు. టాబ్యులేటర్ అన్న మాట పొట్టిదై ట్యాబ్ అయింది. రెండు బాణాల్లో ఒకటి ఎడమవైపు ఎందుకుందంటే, షిఫ్ట్ పట్టుకుని ట్యాబ్ నొక్కితే వెనక్కి పోవచ్చు. ఆన్‌లైన్ దరఖాస్తు నింపుతూ ఒక గడి దాటిపోయినప్పుడు మౌస్ కోసం వెతుక్కోనక్కర్లేదు.

చెరపడానికి ఇంకా చిల్లులు పెట్టడం

డిలీట్ సంకేతం 127. ఎస్కేప్, ఎంటర్, ట్యాబ్ లాంటి మిగతా ఆజ్ఞలన్నీ 0 నుంచి 31 లోపలే సర్దుకుంటే ఇదొక్కటీ ఊరి చివర ఒంటిగా ఎందుకుంది? ఒకప్పుడు సమాచారాన్ని కాగితపు టేపు మీద చిల్లులుగా పొడిచేవాళ్లు. అక్షరానికి ఏడు చోట్లు. ఏ చోట చిల్లు ఉంది, ఏ చోట లేదు అన్నదాన్నిబట్టి అక్షరం. తప్పు పడితే? పొడిచిన చిల్లుని పూడ్చలేం. కానీ మిగిలిన చోట్ల కూడా పొడిచెయ్యొచ్చు. ఏడుకి ఏడూ చిల్లులే ఉంటే దాన్ని లెక్కచెయ్యకుండా దాటిపోమని యంత్రానికి చెప్పారు. ఏడు చోట్లూ నిండితే వచ్చే సంఖ్య 127.

కంట్రోల్ మీట లెక్క ఇంకా సరదాగా ఉంటుంది. ఇంగ్లీషు అక్షరమాలలో అక్షరం వరస సంఖ్య ఎంతో, కంట్రోల్‌తో కలిపి నొక్కితే పుట్టే సంకేతం అంత. ఎమ్ పదమూడోది. 13 అంటే క్యారేజ్ రిటర్న్. లైనక్స్ టెర్మినల్ తెరిచి కంట్రోల్, ఎమ్ నొక్కి చూడండి, ఎంటర్ కొట్టినట్టే జరుగుతుంది. ఐ తొమ్మిదోది, అది ట్యాబ్. హెచ్ ఎనిమిదోది, అది బ్యాక్‌స్పేస్. జి ఏడోది, ఆ సంకేతం అందితే తీగ మీద కబుర్లు పంపే టెలిప్రింటర్లో నిజం గంట మోగేది.

ఎస్కేప్ పుట్టించినవాడు ఐబీఎంలో పనిచేసిన బాబ్ బీమర్, 1960లో. అప్పట్లో ఒక్కో యంత్రానిది ఒక్కో సంకేత భాష. ఇప్పటిదాకా వాడిన అర్థాలు వదిలెయ్, ఇకమీదట వచ్చేవి వేరు అని చెప్పడానికి ఆయన ఆ సంకేతం పెట్టాడు. తప్పించుకు పారిపోవడమన్న అర్థం దానికి మనం ఇచ్చుకున్నదే.

పాజ్ పక్కనో, దాని మీదో బ్రేక్ అని రాసి ఉంటే, అది తీగ తెగడం. టెలిప్రింటర్లో అది నొక్కితే తీగలో కరెంటు కాసేపు ఆగేది, అవతలివాడికి ఇవతలివాడు ఏదో చెప్పదలచుకున్నాడని తెలిసేది.

మూడు మీటల సలాం

కంట్రోల్, ఆల్ట్, డిలీట్ కలయిక డేవిడ్ బ్రాడ్లీది. 1981 నాటి ఐబీఎం కంప్యూటర్ తయారుచేసిన బృందంలో ఇంజనీరు. ప్రోగ్రాములు పరీక్షించేటప్పుడు మిషను బిగుసుకుపోతే కరెంటు తీసి పెట్టే బాధ లేకుండా తమ వాడకానికి చేసుకున్నారు. ముందు డిలీట్‌కి బదులు ఎస్కేప్ ఉండేది. అది ఎడమవైపే ఉంటుంది కనుక చెయ్యి తగిలి పొరపాటున పడుతుందని, ఆ చివరున్న డిలీట్‌కి మార్చారు. అప్పటి కీబోర్డు మీద ఒక్క చేత్తో నొక్కలేకపోవడమే దాని గుణం. దాన్ని లోకానికి పరిచయం చేసింది మాత్రం విండోస్. నేను కనిపెట్టానేమో గానీ పేరు తెచ్చింది బిల్లే అని బ్రాడ్లీ 2001లో బిల్ గేట్స్ పక్కనే కూర్చుని చమత్కరిస్తే సభంతా నవ్వింది. గేట్స్ అంతగా నవ్వలేదు.

కొన్ని ఆఫీసు కంప్యూటర్లు లాగిన్‌కి ముందు ఈ మూడూ నొక్కమని ఎందుకు అడుగుతాయో అనుకునేవాణ్ని. ఈ మూడు మీటల పిలుపు విండోస్ తప్ప ఇంకే మామూలు ప్రోగ్రామూ అందుకోలేదు. ఎవడైనా దొంగ లాగిన్ తెర పెట్టి మీ పాస్‌వర్డ్ కాజెయ్యాలని చూస్తే ఇక్కడ దొరికిపోతాడు.

గబగబా కొన్ని

షిఫ్ట్‌ని వరసగా ఐదుసార్లు నొక్కితే స్టిక్కీ కీస్ అంటూ ఒక ప్రశ్న వస్తుంది, పిల్లలు గేములాడుతూ విసుక్కునేది దాన్నే. రెండు మీటలు ఒకేసారి పట్టుకోలేనివాళ్లకోసం పెట్టింది అది. చేతికి కట్టు కట్టించుకున్న నెల్లాళ్లు నాకు దాని విలువ తెలిసింది.

ప్రింట్ స్క్రీన్ మొదట్లో పేరుకి తగ్గట్టు తెర మీదున్నదాన్ని ప్రింటరుకి పంపి కాగితం మీద దించేది. ఇప్పుడు విండోస్ మీటతో కలిపి నొక్కితే పిక్చర్స్‌లో స్క్రీన్‌షాట్స్ ఫోల్డర్‌లోకి చేరుతుంది. విండోస్, షిఫ్ట్, ఎస్ అయితే కావలసినంత ముక్కే కత్తిరించుకోవచ్చు.

ఎక్సెల్‌లో బాణం నొక్కితే గడి మారకుండా షీటంతా జరిగిపోతోందా? స్క్రోల్ లాక్ పడింది. మీ లాప్‌టాప్‌లో ఆ మీటే లేదంటారా? విండోస్, కంట్రోల్, ఓ నొక్కితే తెర మీద ఒక కీబోర్డు లేస్తుంది, అందులో ఉంటుంది.

ఎఫ్, జె మీటల మీద చిన్న బొడిపె తగులుతుంది. చూడకుండా కొట్టేవాళ్ల చూపుడువేళ్ల ఇళ్లు అవి.

తెర నల్లబడి లాప్‌టాప్ మాత్రం గుయ్యిమంటుంటే విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి. వీడియో డ్రైవర్ మళ్లీ మొదలవుతుంది. ప్రతిసారీ పనిచెయ్యదు గానీ, పనిచేసినప్పుడు దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

విండోస్, వి. ఇదొక్కటి గుర్తుంచుకున్నా చాలు. కాపీ చేసిన చివరి ముక్కే కాదు, అంతకుముందువీ కలిపి 25 దాకా దాచి పెడుతుంది. మొదటిసారి ఆన్ చెయ్యమని అడుగుతుంది. కాపీ, పేస్ట్ అన్న ఆలోచనకే మూలపురుషుల్లో ఒకడైన లారీ టెస్లర్ 1970లలో జిరాక్స్ పరిశోధనశాలలో పనిచేశాడు, 2020లో పోయాడు.

మూలనున్న గుర్తుల గొడవ

విండోస్ బొమ్మ ఉన్న మీట 1994లో మైక్రోసాఫ్ట్ సొంత కీబోర్డుతో వచ్చింది. దాదాపు 30 ఏళ్లకి, 2024 జనవరిలో, ఆ సంస్థే కోపైలట్ మీట ప్రకటించింది. స్పేస్ బార్‌కి కుడిపక్క ఎవరూ తాకని మెనూ మీటని, కొన్నిచోట్ల కుడి కంట్రోల్‌ని ఖాళీ చేయించి అక్కడ దిగింది. మెనూ మీట పోయిందని బెంగపడేవాళ్లకు షిఫ్ట్, ఎఫ్10 ఉంది.

ఆపిల్ కథ వేరు. 1984 నాటి మ్యాకింటోష్ తయారవుతున్నప్పుడు కమాండ్ మీటకి ఆపిల్ పండు గుర్తే అనుకున్నారు. తెర మీద మెనూలనిండా పళ్లు కనపడేసరికి, ఇన్ని పళ్లేమిటి, లోగో పరువు తీస్తున్నారని స్టీవ్ జాబ్స్ కోప్పడ్డాడు. బొమ్మలు గీసే సుసాన్ కేర్ గుర్తుల పుస్తకం తిరగేసి, నాలుగు మూలలా నాలుగు చుట్లున్న ముగ్గులాంటి గుర్తొకటి పట్టుకొచ్చింది. స్వీడన్‌లో చూడదగ్గ స్థలం దగ్గర రోడ్డు పక్కన పెట్టే బోర్డు గుర్తు అది. నాకైతే సంక్రాంతి నెలలో నాలుగు చుక్కలు పెట్టి చుట్టూ తిప్పే మెలిక ముగ్గే కనపడుతుంది.

4 మీద కూర్చున్న రూపాయి

మనదేశంలో అమ్మే చాలా లాప్‌టాప్‌లలో 4 మీట మీద ₹ గుర్తు అచ్చయి ఉంటుంది. దాన్ని నొక్కితే మాత్రం రాదు. కారణం, కంప్యూటర్ సెట్టింగుల్లో భాష అమెరికా ఇంగ్లీషుగా ఉండటం. భాషల పేజీలో ఇంగ్లీష్ ఇండియా కీబోర్డు పెట్టుకుని, స్పేస్ బార్‌కి కుడిపక్కనున్న ఆల్ట్ పట్టుకుని 4 నొక్కండి. వర్డ్‌లో అయితే ఇంకో దొడ్డిదారి: 2, 0, ఇంగ్లీషు బి, 9 కొట్టి, ఆల్ట్, ఎక్స్ నొక్కితే ఆ నాలుగూ కలిసి ₹ అయిపోతాయి. ఉదయకుమార్ గీసిన ఈ గుర్తుకి కేంద్ర మంత్రివర్గం 2010 జులై 15న ఆమోదం తెలిపింది. అప్పటికే ఇళ్లలో ఉన్న కోట్ల కీబోర్డుల మీద దాని జాడ లేదు, ఆ అలవాటే ఇంకా పోలేదు. బిల్లుల్లో ఇప్పటికీ రూ. అనే కొడుతున్నాం.

ఒత్తితే ఒత్తు

కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ 1986లో రూపొందించిన ఇన్‌స్క్రిప్ట్ అమరిక విండోస్‌లో, లైనక్స్‌లో తెలుగు పెట్టుకుంటే దానంతటదే వస్తుంది. గుణింతాలు ఎడమచేతికి, హల్లులు ఎక్కువగా కుడిచేతికి. షిఫ్ట్‌తో ఇందులో ఒక ముచ్చట ఉంది. కె నొక్కితే క, షిఫ్ట్ పట్టుకుంటే ఖ. ఐ నొక్కితే గ, షిఫ్ట్‌తో ఘ. ఒత్తక్షరం కావాలంటే ఒత్తి పట్టుకోవాలి! అచ్చుల్లోనూ అంతే. ఎఫ్ నొక్కితే గుడి, షిఫ్ట్‌తో పూర్తి ఇ. డి మీట పొల్లు. తెలుగు అని రాయాలంటే ఎల్, జెడ్, ఎన్, జి, ఐ, జి: త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము. హిందీకి మారినా కె మీట దగ్గర క అక్షరమే ఉంటుంది, కన్నడానికి మారినా అంతే. భాష మార్చడానికి విండోస్ మీట, స్పేస్.

ఇంతా చేసి, తెలుగుకి అన్నిటికంటే అవసరమైన మీట కీబోర్డు మీద అచ్చయి ఉండదు. సాఫ్ట్‌వేర్ అని రాయబోతే సాఫ్ట్వేర్ అయి, వ వెళ్లి ట కింద వేలాడుతుంది. పొల్లుకి పక్కనున్న అక్షరాన్ని ఒత్తుగా కలుపుకోవడం తెలుసు, అది దాని ధర్మం. ఇద్దర్నీ విడదియ్యడానికి మధ్యలో ఒక కనపడని అక్షరం పెట్టాలి. దానికి రూపం లేదు, వెడల్పు లేదు, ఉచ్చారణ లేదు. వర్డ్‌లో పొల్లు తర్వాత 2, 0, 0, ఇంగ్లీషు సి కొట్టి ఆల్ట్, ఎక్స్ నొక్కితే దిగుతుంది. ఇక్కడ లాప్‌టాప్ అన్నప్పుడల్లా పకారప్పొల్లుకీ టాకీ మధ్య అదొకటి కూర్చుని ఉంది. నమ్మకం లేకపోతే ఆ మాటని ఎత్తుకెళ్లి మీ కంప్యూటర్లో అతికించి, టా ముందర కర్సర్ పెట్టి బ్యాక్‌స్పేస్ ఒక్కసారి నొక్కండి. కనపడే ఏ అక్షరమూ చెరగదు, కానీ ట మాత్రం జారి ప కింద ఒత్తుగా పడుతుంది.